శుక్రవారం కెరమెల్ కాఫీ

వీధిలో పిల్లాజెల్లా అందరికీ ఆవిడ ఇస్త్రీ అత్తే. ఏ వరసన అత్త అని అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఒక్కరూ లేరు. నిజానికి ఆవిడ అత్తయింది ఒక్క కోడలికే, మిగతావాళ్ళు ఆ కోడలి నోట విని వరస పట్టేశారు. ఇస్త్రీ అన్న ముక్క మాత్రం ఊరికే అతుక్కున్నది కాదు. ఆస్పత్రులకీ హోటళ్ళకీ బట్టలు ఉతికే పెద్ద లాండ్రీలో, ఆ ఆవిరి మధ్య, పడుచుతనం నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా నిలబడి పనిచేసిన మనిషి. పని మానేసినా చెయ్యి మానలేదు. ఇప్పటికీ ముడతల చొక్కాతో ఎవరైనా మెట్ల మీద ఎదురుపడితే పలకరింపు తర్వాత సంగతి, ముందు కాలరు వంక చూస్తుంది. చూసి ఊరుకుంటుందా? "అది విప్పి ఇలా ఇచ్చిపో" అంటుంది. ఇవ్వనన్నవాళ్ళ మీద ఆవిడకు మంచి అభిప్రాయం ఉండదు.

నోరు కాస్త పెద్దదే. దాచిపెట్టి చెప్పాల్సిన పనిలేదు, ఆవిడే దాచుకోదు. అయితే ఆ నోరు పెద్దదైనంత మాత్రాన లోపలున్నదంతా బయటికి వస్తుందనుకుంటే పొరపాటు. కాలర్ల గురించీ, కూరలో ఉప్పు గురించీ, పైపులో నీళ్ళు సన్నగా రావడం గురించీ గంటలకొద్దీ మాట్లాడగల మనిషి, ఒక్క సంగతి మాత్రం కొన్నేళ్ళుగా గొంతు దాటనివ్వలేదు.

ఆ సంగతి కోడలి గురించి. కొడుకు జబ్బు చేసి పోయినప్పుడు, కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుందనే అందరూ అనుకున్నారు. ఆ పిల్ల అన్నయ్య వచ్చి పెట్టె సర్దుకోమన్నాడు కూడా. "అత్తయ్య ఒక్కరే అయిపోతారన్నయ్యా" అని ఒకే ఒక్క మాట అని ఆ పిల్ల పెట్టె మళ్ళీ మంచం కిందకి తోసేసింది. వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడ్డ ఇస్త్రీ అత్త ఆ మాట వింది. విన్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఎన్నాళ్ళుంటావని అడగలేదు, ఎందుకుండిపోయావనీ అడగలేదు. అడిగితే ఎక్కడ ఆ పిల్లకి వెళ్ళాలన్న ఆలోచన పుడుతుందోనని భయం. అంత గుండెదిటవు గల మనిషికి ఉన్న భయం అదొక్కటే.

అలా ఇద్దరూ మేడమీద రెండు గదుల్లో ఉండిపోయారు. కోడలు కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం, ముక్కు మీద సరిగ్గా కూర్చునేలా వంచి సరిచెయ్యడం. ఒద్దికైన పిల్లే గానీ నోట్లో నాలుక లేనిది కాదు. కిటికీ తెరవాలని ఒకరు, మూయాలని ఒకరు. రేడియో గొంతు పెంచాలని ఒకరు, తగ్గించాలని ఒకరు. కీచులాట లేని రోజున ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నమాట. రాత్రి పడుకునేముందు మాత్రం కోడలు వచ్చి అత్తగారి మోకాళ్ళకి నూనె రాసి వెళ్తుంది. ఆ రాసేటప్పుడు కూడా పోట్లాట ఆగదు.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, కోడలు శుక్రవారాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఒక వారమైతే పని ఉందనుకోవచ్చు. రెండో వారం బస్సు దొరకలేదనుకోవచ్చు. ప్రతి శుక్రవారమూ ఏం పొయ్యేకాలం? అత్తగారు కిటికీ దగ్గర ఇస్త్రీబల్ల వేసుకుని, ఉన్న బట్టలన్నీ అయిపోయాక, ఇస్త్రీ చేసినవే మళ్ళీ చేస్తూ వీధి మలుపు వంక చూసేది. వచ్చాక అడిగితే "చిన్న పనుండిందత్తయ్యా" అనేది కోడలు. ఆ అనడంలో ముఖం ఎటో తిప్పుకునేది.

అసలు సంగతి చెప్పింది కోడలు కాదు, కోడలి జాకెట్టు. చలికి వేసుకునే లేతరంగు జాకెట్టు అది. చూపుకి శుభ్రంగానే ఉంది. ఇస్త్రీపెట్టె ఆనించేసరికి చేతి అంచు దగ్గర చుక్కలు చుక్కలుగా గోధుమరంగు తేలింది. ఇస్త్రీ అత్త పెట్టె పక్కన పెట్టి, గుడ్డ ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. లాండ్రీలో ఇలాంటివాటిని దొంగ మరకలనేవాళ్ళు. తీపి పడిన చోట పైపైన నీళ్ళతో తుడిచేస్తే మరక పోయినట్టే ఉంటుంది, వేడి తగలగానే గుడ్డలో మిగిలిన చక్కెర మాడి బయటపడుతుంది. చక్కెర, పాలు, కాఫీ. ఈ ఇంట్లో కోడలు తాగేది చక్కెర లేని టీ. కాఫీ పొడి డబ్బా అడుగున ఎప్పటిదో ఉండకట్టి ఉంది.

ఆ సాయంత్రం జాకెట్టు కోడలి ముందు పెట్టి ఇదేమిటని అడిగింది.

కోడలు ఆ చుక్కల వంక చూసి, ఎర్రబడి, "కెరమెల్ కాఫీ అత్తయ్యా. మా దుకాణం మూలమీద కాఫీ షాపుంది కదా, అక్కడిది" అంది.

"శుక్రవారం శుక్రవారం అక్కడికేనా?"

"ఊఁ."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పూర్తి నిజమూ లేదు. ఆ లోపలి తేడా అప్పటికి అత్తగారికి తెలియలేదు కాబట్టి, ఆవిడకు ముందు ప్రాణం కుదుటపడింది, తర్వాత ఒళ్ళు మండింది. చక్కెర లేని టీ తాగే పిల్లకి బయట కొత్త రుచి పట్టుబడిందనుకుంది. ఒక కప్పు కాఫీ కోసమా ఇన్ని వారాలు తనను కిటికీ దగ్గర నిలబెట్టింది? పడుకున్నాక మండటం పోయి పాత భయం వచ్చి కూర్చుంది. ఇవాళ కాఫీకని ఆగిన మనిషి రేపు ఇంకో దానికి ఆగుతుంది. బయట బాగుందనిపిస్తే ఈ రెండు గదులు ఇరుకనిపిస్తాయి. అలా కాకుండా ఆ బయట ఉన్నదేదో ఇంట్లోనే దొరికితే? తెల్లారేసరికి ఆవిడ నిర్ణయం అయిపోయింది. ఆ కెరమెల్ కాఫీ ఏదో తనే చేస్తుంది. శుక్రవారం కోడలు తిన్నగా ఇంటికొచ్చి తాగుతుంది.

కింద వాటాలో కేకుల పిన్ని ఉంటుంది. దుకాణాలకి కేకులు చేసి పంపుతుంది, కాబట్టి చక్కెరతో ఆవిడకు తెలియని వ్యవహారం లేదు. ఇస్త్రీ అత్త పొద్దున్నే దిగి వెళ్ళి సంగతి చెప్పింది. పిన్ని పకపకా నవ్వి, అటక మీంచి ఎప్పటిదో ఎస్ప్రెస్సో కూజా దింపింది. నడుం సన్నంగా ఉన్న అల్యూమినియం కూజా. కింద అరలో నీళ్ళు, మధ్య జల్లెడలో కాఫీ పొడి, సన్నని సెగ మీద పెడితే ఆవిరి నీళ్ళను పైకి తోస్తుంది, చిక్కటి నల్లటి కాఫీ పై అరలోకి ఊరుతుంది. ఆవిరి సంగతి ఇస్త్రీ అత్తకు ఒకరు చెప్పాలా? ఒక్కసారి చూపించగానే పట్టేసింది. పొడి అదిమి నింపకూడదని, గుడగుడ మొదలవగానే దించెయ్యాలని, లేకపోతే చేదు దిగుతుందని పిన్ని చెప్పబోయేలోగా తనే చెప్పింది. పాలకి నురగ రావాలంటే వేడి పాలు సీసాలో సగానికి పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి ఆడించాలి. తడి దుప్పట్లు దులిపిన చేతులకి అదొక లెక్కా!

వచ్చిన చిక్కల్లా కెరమెల్ దగ్గరే. చూడబోతే చిన్న పని. మందపాటి గిన్నెలో చక్కెర వేసి, నీళ్ళు పొయ్యకుండా సెగ మీద పెట్టాలి. అంచుల్లో కరగడం మొదలవుతుంది, గిన్నె కాస్త తిప్పుతుంటే మొత్తం కరుగుతుంది. కరిగింది లేత పసుపై, తేనె రంగై, ఎర్రటి గోధుమరంగు తిరిగి, సన్నగా పొగ లేవబోతుండగా వెచ్చటి మీగడ పొయ్యాలి. భగ్గున పొంగుతుంది. అప్పుడు కాస్త వెన్న, చిటికెడు ఉప్పు. అంతే. కానీ ఇస్త్రీ అత్త చెయ్యి ఆ గోధుమరంగు దాకా ఆగితేనా? జీవితమంతా ఆ రంగు కనబడకుండా చూసుకోవడమే ఆవిడ పని. తెల్లటి గుడ్డ మీద ఆ ఛాయ తగిలిందంటే గుడ్డ పోయినట్టే, లాండ్రీలో పరువూ పోయినట్టే. అంచు పసుపు తిరగ్గానే బుర్ర చెప్పకముందే చెయ్యి పొయ్యి కట్టేసేది. ఒకసారైతే, మాడబోయిన గుడ్డని చల్లనీళ్ళలో ముంచే అలవాటు కొద్దీ, గిన్నె అడుగు తీసుకెళ్ళి నీళ్ళలో ముంచింది. చక్కెర గాజు పలకలా గట్టిపడి గిన్నెకి కరుచుకుంది. దాన్ని వదిలించడానికి ఇద్దరూ ఒక పూటంతా గోకారు.

మళ్ళీ చేసింది. పాలిపోయిన పానకం వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ పానకమే. "ఉత్త తీపి నీళ్ళు" అని పిన్ని రుచి చూసి మొహం చిట్లించింది. "చక్కెర తెల్లగానే ఉండాలంటే పొయ్యి మీద పెట్టడం దేనికక్కా, చెంచాతో తినెయ్యరాదూ" అంది.

ఆ మాటకి ఇస్త్రీ అత్తకు రోషం వచ్చింది. మరో గుప్పెడు చక్కెర వేసి పొయ్యి వెలిగించింది. ఈసారి పిన్ని పక్కనే నిలబడి ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది. పసుపు తిరిగింది. చెయ్యి పొయ్యి మీదికి ఉరికింది, పిన్ని వదల్లేదు. తేనె రంగు వచ్చింది. ఇస్త్రీ అత్త కళ్ళు మూసుకుని, "మాడిపోతోందే, మాడిపోతోంది" అని గొణిగింది. "చొక్కా కాదక్కా ఇది, చక్కెర. కాస్త మాడనియ్యి" అంది పిన్ని. అప్పుడు వచ్చింది వాసన. గిన్నెలోంచి లేచి గదంతా పరుచుకున్న తియ్యటి, చేదు కలిసిన వాసన. కళ్ళు తెరిచేసరికి గిన్నెలో రాగిలాంటి రంగు. పిన్ని చెయ్యి వదిలేసి మీగడ పోసింది. చెంచా అంచుకి తగిలింది నాలుక మీద వేసుకుని ఇస్త్రీ అత్త చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడమంటే అది మామూలు మెప్పు కాదు.

శుక్రవారం పొద్దున కోడలు చెప్పులేసుకుంటుంటే, సాయంత్రం తిన్నగా ఇంటికి రమ్మని, కెరమెల్ కాఫీ ఇంట్లోనే సిద్ధంగా ఉంటుందని చెప్పింది. కోడలు వంగినది వంగినట్టే ఒక క్షణం ఆగిపోయింది. మీకెందుకు శ్రమ అంది, మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడతారా అంది. అత్తగారు వింటేగా! ఆ సాయంత్రం కోడలు వేళకే వచ్చింది. అత్తగారు పొడుగాటి గాజుగ్లాసు అడుగున కెరమెల్ వేసి, దాని మీద వేడి ఎస్ప్రెస్సో పోసి కలిపి, పైన పాల నురగ, నురగ మీద సన్నటి కెరమెల్ తీగ చుట్టి, పళ్ళెంలో పెట్టి మరీ ఇచ్చింది. కోడలు ఆ గ్లాసు వంక చూసి, అత్తగారి ముఖం వంక చూసి, రెండు చేతులతో పట్టుకుని అడుగంటా తాగింది. "చాలా బాగుందత్తయ్యా" అంది. "షాపులో దానిలాగే ఉందా?" "అచ్చం అలాగే ఉంది."

ఇంకేముంది, ఇస్త్రీ అత్త కాళ్ళు నేల మీద ఆనలేదు. వీధిలో కనిపించినవాళ్ళకల్లా కాఫీ కథే. కాలర్ల జోలికి పోవడం కూడా మానేసింది. తర్వాత శుక్రవారమూ కోడలు వేళకి వచ్చింది, ఆ తర్వాత శుక్రవారమూ వచ్చింది. కిటికీ దగ్గర కాపలా తప్పింది. తన ఉపాయం పారినందుకు ఆవిడ లోపల లోపల పొంగిపోయింది.

అయితే ఏదో తేడాగా ఉంది. కాఫీ అవగానే కోడలు వంటింట్లోకి వెళ్ళి గ్లాసు మీద గ్లాసు మంచినీళ్ళు తాగేది. తర్వాత కిటికీ దగ్గర నిలబడి బయటికి చూసేది. పోట్లాటలు తగ్గిపోయాయి. కిటికీ మూయనా అంటే మూయండి, తెరవనా అంటే తెరవండి. రేడియో ఎంత గట్టిగా పెట్టినా పల్లెత్తు మాట లేదు. ఇది మంచి లక్షణం కాదని అత్తగారికి తెలుసు. కానీ ఆవిడ బుర్ర ముందు కాఫీ మీదికి పోయింది. పిల్ల మొహమాటానికి బాగుందంటోందేమో, షాపు రుచి రావడం లేదేమో. అసలు దాన్ని ఒక్కసారైనా రుచి చూడకుండా దీన్ని సరిచెయ్యడమెలా? పోల్చి చూడనిదే ఏ పనీ ఒప్పుకోని మనిషి. ఒక మధ్యాహ్నం, శుక్రవారం కాకుండా చూసుకుని, మంచి బట్టలు కట్టుకుని ఆ కాఫీ షాపుకి బయల్దేరింది.

షాపు చిన్నదే. గోడవారగా ఎత్తు కుర్చీలు, కౌంటరు వెనక బుసలు కొట్టే యంత్రం. ఆ ఆవిరి చప్పుడు వినగానే ఇస్త్రీ అత్తకు సొంత చోటికి వచ్చినట్టయి మొహమాటం పోయింది. కౌంటరు దగ్గరున్నావిడకు కెరమెల్ కాఫీ చెప్పి, చేసేటప్పుడు ఆ చేతులనే చూస్తూ నిలబడింది. వేళ కాని వేళ కాబట్టి వేరే ఎవరూ లేరు. మాటల్లో మాటగా, మా కోడలు శుక్రవారాలు ఇదే తాగేదని చెప్పింది. కళ్ళద్దాల దుకాణంలో చేస్తుందని గుర్తు కూడా చెప్పింది.

కౌంటరు ఆవిడ చెయ్యి ఆపింది. "కళ్ళద్దాల ఆవిడా? అయ్యో, ఆవిడ కెరమెల్ ముట్టుకోరండీ. తీపంటేనే పడదు కదా. చక్కెర లేని టీ తాగేవారు. కెరమెల్ ఆయనది."

"ఏ ఆయన?"

అప్పటికి కౌంటరు ఆవిడకు తను నోరు జారానేమోనన్న అనుమానం వచ్చింది గానీ, జారిన నోటిని ఎక్కడ పట్టుకోవడం? బడి బస్సు డ్రైవరని చెప్పింది. పిల్లలందరినీ దింపేసి వస్తాడని, మనిషి ద్వారబంధమంత ఉంటాడు గానీ తీపంటే చిన్నపిల్లాడేనని చెప్పింది. విరిగిన కళ్ళద్దాలు బాగు చేయించుకోబోయి పరిచయమట. ఇద్దరూ ఆ చివరి బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటూ ఉండేవాళ్ళట.

"ఇప్పుడాయన ఒక్కరే వస్తున్నారండీ పాపం" అంది. "వచ్చి తన కాఫీతోపాటు ఆవిడ టీ కూడా చెప్తారు. టీ అలా చల్లారిపోతుంది. ఎందుకండీ అంటే, ఏమో, ఇవాళ వస్తుందేమో అంటారు."

ఇస్త్రీ అత్త కప్పు తీసుకుని ఆ చివరి బల్ల దగ్గరికి కాకుండా, తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చుంది. జాకెట్టు చేతి అంచు మీద ఆ చుక్కలు ఎలా పడ్డాయో ఇప్పుడు తెలిసింది. చెయ్యి చెయ్యీ ఆనేంత దగ్గరగా కూర్చుంటే తప్ప పక్కవాళ్ళ కాఫీ అక్కడ చిందదు. ఇన్ని మరకలు చూసిన కళ్ళు ఇది ఎలా చూడలేకపోయాయో! కాఫీ తాగింది. తనది దీనికంటే బాగుంది, ఎందులోనూ తీసిపోదు. ఆ గెలుపు ఏ మూలకీ రాలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే ముందు కోపం వచ్చింది. ఆ డ్రైవరు మీద కోపం, దాచినందుకు కోడలి మీద కోపం, ఇంత తొందరగా పోయినందుకు కొడుకు మీద కోపం. మెట్లెక్కేసరికి కోపాలన్నీ అయిపోయి మనిషి ఖాళీ అయింది. ఇస్త్రీబల్ల వేసుకుని ఒక దిండు గలీబు పట్టుకుంది. దాన్నే మళ్ళీ మళ్ళీ రుద్దింది.

ఎవరికీ చెప్పకపోతే పోయేదేముంది? కౌంటరు ఆవిడకు తన ఇల్లు తెలీదు. కోడలు ఎలాగూ నోరు విప్పదు. శుక్రవారం శుక్రవారం కాఫీ చేసి పెడితే ఆ పిల్ల శుక్రవారం శుక్రవారం తాగుతుంది. ఆ బస్సాయన ఇంకొన్ని వారాలు చూసి విసిగిపోతాడు. ఈ ఇల్లు ఇలాగే ఉంటుంది. తను నోరు మూసుకుంటే చాలు. జీవితంలో ఎన్నడూ మూసుకోని నోరు ఇప్పుడు మూసుకోవడం ఎంత తేలికో అనిపించి ఆవిడకు తన మీద తనకే భయం వేసింది. శుక్రవారం దాకా మిగిలిన రోజులన్నీ కేకుల పిన్ని పలకరించినా ముక్తసరిగా బదులిచ్చి పైకి వచ్చేసేది. రాత్రి కోడలు మోకాళ్ళకి నూనె రాస్తుంటే ఆ వంగిన తల వంక చూస్తూ పడుకునేది. నా కోసం ఉండిపోయిందని మురిసిపోయాను, ఉండమని నేనేనాడూ అడగలేదని గొప్పగా అనుకున్నాను. అడగకుండానే పట్టుకుని కూర్చున్నానన్నమాట. తీపి పడని పిల్ల చేత తీపి మింగించాను. ఇలా అనుకునేసరికి ఆవిడకు ఏడుపొచ్చింది. మోకాలు నొప్పనుకుని కోడలు నూనె ఇంకాస్త మెల్లగా రాసింది.

శుక్రవారం వచ్చింది. ఇస్త్రీ అత్త అలవాటు ప్రకారం గిన్నె పొయ్యి మీద పెట్టింది. ధ్యాస గిన్నె మీద లేదు. మెట్ల మీద కోడలి అడుగులు వింటూ మీగడ పొయ్యడం ఆలస్యం చేసింది. ఎలాగో కలిపి గ్లాసులో పోసి బల్ల మీద పెట్టింది. కోడలు సంచి తగిలించి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, ఎప్పటిలాగే రెండు చేతులతో గ్లాసు ఎత్తింది. పెదవుల దాకా వెళ్ళిన గ్లాసుని అత్తగారు చెయ్యి చాచి తీసేసుకుంది.

"వద్దులే. నీకు తీపి పడదు."

కోడలి ముఖంలో రంగు పోయింది.

"షాపుకెళ్ళానమ్మా" అంది ఇస్త్రీ అత్త. "అక్కడ నీ టీ చల్లారిపోతోందట. ఆ మనిషి శుక్రవారం శుక్రవారం నీ కోసం టీ చెప్పి కూర్చుంటున్నాడట. నాకెందుకు చెప్పలేదు?"

కోడలు తల వంచుకునే, "చెప్తే మీరు వెళ్ళిపొమ్మంటారని" అంది. "వద్దని కాదత్తయ్యా, వెళ్ళి సుఖంగా ఉండమంటారని. అన్నాక మీరొక్కరే ఇక్కడ ఎలా..."

ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే భయంతో ఇన్నాళ్ళు కాపురం చేశారన్నమాట. మాట తోచనప్పుడు పని మీద పడటం ఇస్త్రీ అత్త పద్ధతి. లేచి, అలమారలోంచి ఫ్లాస్కు తీసి, వేడినీళ్ళతో కడిగి, గ్లాసులోది అందులోకి ఒంపింది. నురగ కూడా చెంచాతో ఊడ్చి వేసింది. మూత బిగించి కోడలి చేతిలో పెట్టింది.

"నాకు భయమేనే అమ్మాయ్. లేదని ఎందుకనాలి? నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకు తోచదు. అయినా సరే, వెళ్ళు. ఇంకా అక్కడే ఉంటాడు. ఇది వేడిగా ఉండగానే ఇవ్వు."

కోడలు కదల్లేదు. కదలకపోతే అత్తగారే భుజం పట్టుకుని లేపి, చెప్పులు చూపించి, తలుపు దాకా నడిపించింది. ఆ పిల్ల గుమ్మంలో ఆగి అత్తగారిని గట్టిగా వాటేసుకుని, మరుక్షణం మెట్లు దిగిపోయింది. దిగే అడుగులు పూర్తిగా వినబడకుండా పోయాక ఇస్త్రీ అత్త కుర్చీలో కూర్చుని, ఎవరూ లేరు గనక, కరువుతీరా ఏడ్చింది.

ముఖం కడుక్కుని ఇస్త్రీబల్ల వేద్దామా వద్దా అనుకుంటుండగా మెట్ల మీద చప్పుడైంది. ఒక మనిషి అడుగులు కావు. తలుపు తీసేసరికి కోడలు, వెనకాల గుమ్మం తగలకుండా తల వంచి నిలబడ్డ భారీ మనిషి. కోడలి చేతిలో ఫ్లాస్కు, మూత తియ్యలేదు.

"బయటి కాఫీ అక్కడ తాగనివ్వరట అత్తయ్యా" అంది కోడలు, ఊపిరి అందకుండా.

ఇస్త్రీ అత్త కళ్ళు వాటంతటవే ఆ మనిషి కాలరు మీదికి పోయాయి. ముడతలే. ఇప్పుడు కాదులే అని తనకు తనే సర్దిచెప్పుకుని లోపలికి రమ్మంది. అతను ఆ గదికి ఎక్కువైపోతానేమో అన్నట్టు ఒదిగి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆవిడ గ్లాసు పెట్టింది. కోడలు ఫ్లాస్కులోది పోసింది. అతను ఒక గుక్క తాగి, "బాగుందండీ" అన్నాడు.

"చూడు బాబూ, నా ముఖం చూసి తాగడం ఈ ఇంట్లో ఇవాళ్టితో ఆఖరు. ఎలా ఉందో అలా చెప్పు."

అతను కోడలి వంక చూశాడు. కోడలు పైకప్పు వంక చూసింది. అతను ఇంకో గుక్క తాగి, గొంతు సవరించుకుని, "రవ్వంత మాడిందండీ" అన్నాడు.

అంత మాట ఆవిడతో అనగలిగినవాళ్ళు లాండ్రీలో కూడా లేరు. కోడలు ఊపిరి బిగబట్టింది. ఇస్త్రీ అత్త ఆ గ్లాసు అందుకుని, చెంచాతో కాస్త తీసుకుని రుచి చూసి, నిదానంగా తల ఊపింది.

"నిజమే, మాడింది. వచ్చే శుక్రవారం చూసి చేస్తాను. ఇద్దరూ రండి."

"అదేంటత్తయ్యా," అంది కోడలు కంగారుగా, "నేనిక్కడే కదా ఉండేది."

"తెలుసమ్మా" అంది ఇస్త్రీ అత్త. "అనడం అలవాటు చేసుకుంటున్నాను."